ఒక మణుగు పదిహేను సేర్లు

పోయిన వారం మా అమ్మాయి కూతురు పెరుగన్నం గిన్నెని పక్కకి జరిపేసింది. దానికి పదమూడేళ్లు. ఇక్కడే దేవేంద్ర నగర్‌లో వారానికి నాలుగు రోజులు బాక్సింగ్ క్లాసుకి వెళ్తుంది. ఎందుకు తినవే అని అడిగితే నవ్వింది.

"కోచ్ సర్ ఒక కథ చెప్పారు అమ్మమ్మా. పూర్వం రాయ్‌పూర్‌లో ఒక ఛాంపియన్ ఉండేవాడట, రైల్వే ఆయన. పెద్ద టోర్నమెంటుకి బయల్దేరేముందు వాళ్లమ్మ ప్లేటు నిండా దహీ-భాత్, ఇదే పెరుగన్నం, తినిపించేసిందట. తూకంలో బరువెక్కువొచ్చి రింగులోకే రానివ్వలేదట. ఇప్పుడు మాలో ఎవరైనా టిఫిన్ ఎక్కువ తెచ్చారనుకో, సర్ 'ఏ, మమ్మీ కా దహీ-భాత్!' అంటారు. అందరం ఒకటే నవ్వు."

ఆ ఛాంపియన్ మా చిన్నాన్న. ఆ తల్లి మా నానమ్మ. ఆ పల్లెంలో అన్నం వడ్డించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

కథలో జరిగినట్టు చెప్పినవన్నీ జరిగినవే. లెక్క ఒక్కటి వదిలేశారు. అది నాకొక్కదానికే తెలుసు కాబట్టి, కళ్లు సరిగ్గా కనబడుతున్నప్పుడే రాసిపెడుతున్నాను.

తేదీలు రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇంట్లో అందరికీ విసుగు. ఈ సంగతి తేదీలు కూడా నా దగ్గరున్నాయి, ఇక్కడ రాయను. పేర్లూ రాయను. పేర్లు రాస్తే చిన్నాన్న పిల్లలు నొచ్చుకుంటారు. బరువులు మాత్రం రాస్తాను. అవి లేకపోతే ఇందులో చెప్పడానికేమీ మిగలదు.

మాది స్టేషన్ వెనక రైల్వే క్వార్టరు. రెండు గదులు, వెనక వసారా, వసారా మూల కట్టెల పొయ్యి. నాన్న గూడ్సు బండికి గార్డు, నెలలో సగం రోజులు లైన్లోనే ఉండేవాడు. ఇంట్లో నానమ్మ, అమ్మ, నేను, నాన్న తమ్ముడు చిన్నాన్న. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. మా వరుసలో పదకొండు క్వార్టర్లుంటే ఏడు మనవాళ్లవే. ఏ వాకిట్లో నిలబడినా బొగ్గు పొగ, ఎండు చేపల పులుసు, ఇంజను నూనె, మూడూ కలిసిన వాసనొకటి వచ్చేది. ఆ వాసన తర్వాత నాకు ఇంకెక్కడా తగల్లేదు. క్వార్టర్లు కొట్టేసి కూడా చాలా ఏళ్లయింది.

చిన్నాన్న పద్దెనిమిదో ఏట లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరాడు. పొట్టి మనిషి, సన్నటి నడుం, చేతులు మాత్రం మోకాళ్ల దాకా ఉన్నట్టు కనిపించేవి. షెడ్డులో ఒకడు రోజూ "మద్రాసీ మచ్చర్", అంటే మద్రాసు దోమ, అని ఏడిపించేవాడట. ఒకరోజు ఒక్క గుద్దుతో వాణ్ణి బొగ్గు కుప్ప మీద పడేశాడు. అదృష్టమో దురదృష్టమో, అది చూసినవాడు ఫోర్‌మన్ కాదు, ఆంగ్లో ఇండియన్ మెయిలు డ్రైవరొకాయన. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో కుర్రాళ్లకి బాక్సింగ్ నేర్పేది ఆయనే. చిన్నాన్నని చెవి పట్టుకుని అక్కడికి తీసుకుపోయి, "కొట్టాలనుంటే ఇక్కడ కొట్టు. గంట మోగగానే ఆపు" అన్నాడట. మేమందరం ఆయన్ని డ్రైవర్ సాహెబ్ అనేవాళ్లం.

మొదటి ఏడాది చిన్నాన్న ఆరు పోటీల్లో రెండు గెలిచాడు. రెండో ఏడాది తొమ్మిదింట్లో ఎనిమిది. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ మా లైను మొత్తానికి ఫ్లైవెయిట్ ఛాంపియన్ అతనే. ఫ్లైవెయిట్ అంటే ఒంటి బరువు నూట పన్నెండు పౌన్లు దాటకూడదు. దాటినవాణ్ణి ఆ తరగతిలో ఆడనివ్వరు. పోటీ రోజు పొద్దున్నే బనీను కూడా విప్పించి తూస్తారు.

రెండు కప్పులొచ్చాయి. ఒకదాంట్లో నానమ్మ చుట్టలు పెట్టుకునేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, వచ్చినవాళ్లకల్లా చూపించేది.

"మావోడు అవతలోడి ముక్కు మీద గుద్ది తెచ్చిన గళాసిది. నీల్లు పోస్తే కారతాది గానీ సుట్టలకి బాగుంటాది."

ఆవిడ ఒక్క పోటీ కూడా చూడలేదు. గెలిచి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది. "అవతల గుంటడికి తల్లి నేదేటిరా?"

"ఉంటాదమ్మా, ఎందుకుండదు?"

"ఉంటే మరి ఆ మూతి సూసి ఏటనుకుంతాది?"

చిన్నాన్న నవ్వేసి స్నానానికి వెళ్లిపోయేవాడు. ఆ ప్రశ్నలో తన ఆటంటే చులకన ఉందని అతనికి అనిపించేదని నాకు అప్పుడు తెలీదు.

నాలుగో ఏడాది పెద్ద పోటీ వచ్చింది. దేశంలో రైల్వేవాళ్లందరూ ఒకచోట తలపడతారు. అందులో గెలిచినవాణ్ణి దేశం జట్టు ఎంపికకి పిలుస్తారు. మా వరుస క్వార్టర్లలో ఎక్కడ నలుగురు కూర్చున్నా అదే మాట. పోటీకి ఇంకా రెండు నెలలుందనగా డ్రైవర్ సాహెబ్ రిటైరై, కుటుంబంతో ఓడెక్కి సముద్రం దాటి వెళ్లిపోయాడు. ఆయన సామానుతోపాటు ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఉండే పౌన్ల తూకం కూడా వెళ్లిపోయింది. అది ఆయన సొంతమని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

గురువు లేకపోయినా చిన్నాన్న ఆట ఆడగలడు. బరువెంతుందో తెలీకుండా మాత్రం ఆడలేడు. ఆస్పత్రికి వెళ్తే తూకం జబ్బు పడ్డవాళ్లకేనని కాంపౌండరు కసిరాడు. మిగిలింది పార్సిల్ ఆఫీసు. అక్కడి తూకం మణుగుల్లో, సేర్లలో చూపిస్తుంది. నలభై సేర్లు ఒక మణుగు. పౌన్ల ఊసే లేదు.

"సేర్లని పౌన్లు చెయ్యాలి, అంతే కదా?" అన్నాను. నాకు పదకొండేళ్లు. తరగతిలో లెక్కలకి నేనే మొదటిదాన్ని.

"వచ్చా నీకు?"

"సేరుకి రెండు పౌన్లు."

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. స్టేషన్ బయట బేకరీలో ఒకటే సైజు రొట్టె దొరికేది. దాన్ని బంగళాల్లో పనిచేసే నౌకర్లు "పౌన్" అని అడిగేవాళ్లు, మేము "ఆధా సేర్" అని అడిగేవాళ్లం. అర సేరు పౌనైతే సేరు రెండు పౌన్లు. ఇంతకన్నా తేలికైన లెక్క ఇంకేముంది? నాన్న ఆ వారం ఇంట్లో లేడు. ఉన్నవాళ్లెవరూ అడ్డం చెప్పలేదు. చిన్నాన్న నా జడ లాగి, "అయితే నువ్వే నా తూకం బాబువి" అన్నాడు.

కొత్త నోటు పుస్తకం తీశాను. పాత వారపత్రిక కాగితం చింపి, మూలలు మడిచి, మెతుకులతో అంటించి, శుభ్రంగా అట్ట వేశాను.

అక్కణ్నుంచి ఆరు మంగళవారాలు. మధ్యాహ్నం పార్సిల్ బాబు భోజనానికి వెళ్లే వేళకి నేను బడి నుంచి పరిగెత్తేదాన్ని, చిన్నాన్న షెడ్డు నుంచి వచ్చేవాడు. పార్సిల్ హాలంతా తమలపాకుల బుట్టలు, మంచు కారుతున్న చేపల పెట్టెలు, బీడీ ఆకు మూటలు. వాటి మధ్య తువ్వాలు కట్టుకుని చిన్నాన్న తూకం బల్ల ఎక్కి నిలబడేవాడు. గుండు జరిపి తూచేది అక్కడి ముసలి హమాలీ. ఛత్తీస్‌గఢీ మనిషి. నన్ను "నోనీ" అని పిలిచేవాడు, అంటే చిట్టితల్లి అన్నట్టు.

"లిఖ్ లే నోనీ, ఏక్ మన్ ఉన్నీస్ సేర్. తోర్ కకా గరూ హే!" మీ బాబాయి బరువే, అని.

ఒక మణుగు పంతొమ్మిది సేర్లు. యాభై తొమ్మిది సేర్లు. నూట పద్దెనిమిది పౌన్లు. రాసుకున్నాను. ఆరు పౌన్లు దింపాలి.

"ఎక్కడికి బుక్ చెయ్యమంటావు?" అని నవ్వేవాడు హమాలీ. మూడో మంగళవారం నేను అక్కడున్న జిగురుతో చిన్నాన్న వీపుకి 'పాడైపోవు సరుకు, జాగ్రత్త' అని హిందీలో అచ్చేసిన చీటీ అంటించేశాను. చొక్కా భుజాన వేసుకుని ఇంటిదాకా అలాగే నడిచాడు. దారి పొడుగునా జనం నవ్వుతుంటే వాళ్లకి చెయ్యి కూడా ఊపాడు. వసారాలో నానమ్మ చూసి, "ఈపు మీద అదేటిరా?" అనేదాకా తెలీలేదు. నన్ను వాకిట్లో మూడు చుట్లు తరిమి, నాలుగో చుట్టుకి కూలబడిపోయాడు. అంత నీరసం.

పొద్దున ఒక గిన్నెడు చోడి అంబలి, అంటే రాగి జావ. సాయంత్రం ఉప్పు లేని రొట్టెలు రెండు. నీళ్లు గుటకలు లెక్కపెట్టుకుని తాగేవాడు. తెల్లవారుజామున నాన్న చలికోటు తొడుక్కుని పట్టాల పక్కన మందిర్ హసౌద్ స్టేషన్ దాకా పరిగెత్తేవాడు. ఎవరైనా తెలిసిన గార్డు ఉంటే తిరుగు గూడ్సులో ఎక్కించుకుని తెచ్చేవాడు. ఆ కోటుని అమ్మ రోజూ ఎండలో వేసేది. చెమట ఆరి, దాని మీద ఉప్పు తెల్లగా చారలు కట్టేది.

అతను ఇంట్లో ఉంటే పోపు పెట్టకూడదని అమ్మ నియమం పెట్టుకుంది. ఆ ఆరు వారాలూ మేమందరం చప్పిడి పప్పే తిన్నాం. నానమ్మ ఎండు చేప తినాలనిపిస్తే పక్కింటికెళ్లి తిని, మూతి కడుక్కుని వచ్చేది.

మొదటి వారంలోనే చిన్నాన్న ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు.

"అమ్మా, నా కంచం వైపు నువ్వు చూడకు. నేనడిగినా పెట్టకు. ఏడిచినా పెట్టకు."

"నేదురా బాబూ, ఎట్టను."

"ఒట్టు వెయ్యి."

ఆవిడ అతని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. తర్వాత ఆ చెయ్యిని చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది.

ఆరో మంగళవారం. ఆ సాయంత్రమే బండి. హమాలీ గుండుని ఇటూ అటూ మెల్లగా జరిపి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఏక్ మన్ పంద్రా సేర్. హరూ హోగే రే!" తేలికైపోయాడు అని ఎగిరాడు ముసలాయన.

యాభై అయిదు సేర్లు. నూట పది పౌన్లు. కావాల్సింది నూట పన్నెండు. చిన్నాన్న బల్ల దిగి నన్ను ఎత్తుకోబోయి, ఎత్తలేక దింపేశాడు.

"రెండు పౌన్లు మిగులు చిన్నాన్నా!"

"ఆ మిగులు అలాగే ఉండాలే. అక్కడి తూకం ఎలాంటిదో మనకేం తెలుసు? డ్రైవర్ సాహెబ్ ఎప్పుడూ అదే అనేవాడు."

అతను షెడ్డుకి వెళ్లాడు. నేను ఇంటికొచ్చాను, ఇక బడికి వెళ్లబుద్ధి కాలేదు. నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఒలే గుంటా, నీ లెక్కలో ఏటైనా మిగిలిందేటే?"

"రెండు పౌన్లు మిగులు నానమ్మా."

"పౌన్లంటే నాకేటి తెలుసే. అన్నంలో సెప్పు."

"సేరు."

"సేరన్నమే!" ఆవిడ చుట్ట నోట్లోంచి తీసేసింది. "అయితే నా కొడుక్కి ఒక్క పల్లెం ఎట్టొచ్చేటే? ఊరు కాని ఊరెళ్తన్నాడు. కాల్లు తేలిపోతన్నాయి ఆడికి. నువ్ ఎట్టొచ్చంటేనే ఎడతాను. నేదంటే నేదు."

చిన్నాన్న అన్న మాట నాకు గుర్తుంది. మిగులు అలాగే ఉండాలి అన్నాడు. కానీ ఇంట్లో పెద్దావిడ నా ముందు కూర్చుని అనుమతి అడుగుతోంది. అంతకుముందు ఎవరూ నన్ను దేనికీ అనుమతి అడగలేదు.

"పెట్టొచ్చు," అన్నాను.

నాలుగింటికి చిన్నాన్న వచ్చేసరికి పల్లెం సిద్ధంగా ఉంది. వేడన్నం, గడ్డపెరుగు, పక్కన వేయించిన ఎండుమిరపకాయ. ఆరు వారాల తర్వాత ఇంట్లో పోపు వాసన. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "వద్దమ్మా" అన్నాడు. నానమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. ఇంకోసారి "వద్ద"న్నాడు, ఆ మాట పూర్తి కాకుండానే నోరు తెరుచుకుంది. తర్వాత కళ్లు మూసుకుని తిన్నాడు. పల్లెం అంచున మిగిలిన మెతుకులు కూడా వేలితో తీసుకున్నాడు.

నాలుగు రోజులకి తిరిగొచ్చాడు. ఏమైందో ఎవరికీ తెలీదు. గెలుపో ఓటమో, ఏదైనా సరే అని మా వరుసలోంచి తొమ్మిదిమందిమి ప్లాట్‌ఫారమ్ మీద నిలబడ్డాం. చిన్నాన్న గుండుతో దిగాడు. మనవాళ్లలో మగవాడు గుండుతో వచ్చాడంటే మనసు ముందు చావు వైపే పోతుంది. నానమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఎవలు పోయారురా?"

"నేనే పోయాను."

తర్వాత అందరి ముందూ చెప్పాడు. అక్కడ తూకంలో ముప్పావు పౌను ఎక్కువొచ్చింది. ఒక గంట గడువిచ్చారు. రెండు కంబళ్లు కప్పుకుని తాడాట ఆడాడు. ఉమ్మి ఉమ్మి నోరెండిపోయింది. ఆఖరికి జుట్టుకి కూడా బరువుంటుందని ఎవరో అంటే మంగలిని పిలిచి గొరిగించుకున్నాడు. గంట గడిచేసరికి ఇంకా పావు పౌను మిగిలింది. పేరు కొట్టేశారు.

"ముప్పావు పౌను అమ్మా. నువ్వు పెట్టిన పల్లెం."

ఆ మాట తొమ్మిదిమంది విన్నారు. వారం తిరిగేసరికి ఊళ్లో రైల్వేవాళ్లందరికీ తెలిసింది. ఇన్నేళ్లకి అది దేవేంద్ర నగర్ పిల్లల నోళ్లదాకా వచ్చింది.

ఆ రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. "ఎవరు పెట్టమన్నారే అమ్మా నీకు? వాడు ఒట్టు వేయించుకున్నాడు కదా?" అని అరిచాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను, నోటు పుస్తకం గుండెకి హత్తుకుని. నానమ్మ ఒక్కసారి ఆ తలుపు వైపు చూసింది.

"ఎవలూ అన్నేదు. నా సెయ్యే ఊరుకోనేదు," అంది.

వసారాలో ఆవిడ ఒక్కతీ ఉన్నప్పుడు వెళ్లాను. "నేను పెట్టొచ్చన్నాను కదా నానమ్మా. చెప్పేస్తాను."

"ఏటి సెప్తావు? నువ్ సేరన్నావు. నాను అంతకన్నా ఎక్కువే ఎట్టీసినాను కావాల. తల్లి సేతికి తూకమెక్కడుంతాదే? నీ లెక్క సరిగ్గానే ఉంతాది. నువ్ నోరెత్తకు. నీకింకా సదువుంది, పెళ్లుంది. నన్నేటన్నా పడతాను."

నా లెక్క సరిగ్గానే ఉంటుందని ఆవిడ నిజంగా నమ్మింది. నేనూ నమ్మాను. ఆ నమ్మకం వానాకాలం దాకా ఉంది.

వానలకి వసారా కారి, నా పుస్తకాల సంచీ తడిసింది. నోటు పుస్తకానికి వేసిన వారపత్రిక కాగితం ఉబ్బి ఊడిపోయింది. వెనక అట్ట మీద కొలతల పట్టిక అచ్చేసి ఉంది, అన్ని నోటు పుస్తకాలకీ ఉండేదే. నలభై సేర్లు ఒక మణుగు. ఒక మణుగు ఎనభై రెండు పౌన్లూ, పౌనులో ఏడింట రెండు వంతులూ.

నా లెక్క ప్రకారం మణుగు ఎనభై పౌన్లు.

అక్కడే తడి నేల మీద కూర్చుని ఆరు మంగళవారాలూ మళ్లీ వేశాను. ఆఖరిది, ఒక మణుగు పదిహేను సేర్లు, నూట పదమూడు పౌన్ల పైన ఏడోవంతు. చిన్నాన్న నన్ను ఎత్తుకోబోయినప్పుడు రెండు పౌన్లు తక్కువ లేడు. పౌను పైనే ఎక్కువున్నాడు.

ఆ తర్వాత కూడా ఈ లెక్కని చాలాసార్లు వేశాను. రైల్లో తిండీ నీళ్లూ లేకుండా ఒక రాత్రి గడిస్తే ఒంట్లోంచి ఎంత పోతుంది, పల్లెం పెరుగన్నం ఎంత తూగుతుంది. ఆ పల్లెం తినకపోతే సరిగ్గా గీత మీద నెగ్గేవాడేమో. కాబట్టి ఆ పల్లెం వల్లే పోయిందనడం అబద్ధం కాదు. కానీ నా లెక్క సరిగ్గా ఉండుంటే ఆ మధ్యాహ్నం నానమ్మకి "వద్దు, ఇంకా పౌను దిగాలి" అని చెప్పేదాన్ని. ఆవిడ పెట్టేది కాదు. లేదంటే లేదని తనే అంది కదా.

ఎవరికీ చెప్పలేదు. పుస్తకం ఆరబెట్టి, కొత్త కాగితంతో మళ్లీ అట్ట వేశాను.

చిన్నాన్న మళ్లీ గ్లవ్స్ తొడగలేదు. షెడ్డు బారకాసులకి మకాం మార్చాడు. ఫైర్‌మన్ అయ్యాడు, బదిలీల మీద నాలుగు ఊళ్లు తిరిగి డ్రైవరయ్యాడు. పండగలకి ఇంటికొచ్చేవాడు. నానమ్మతో మాట్లాడేవాడు, చీరలు తెచ్చేవాడు. భోజనం దగ్గర మాత్రం గిన్నెలు తన ముందుకి లాక్కుని తనే వడ్డించుకునేవాడు. నానమ్మ ఎదురుగా పీట మీద, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. గరిటె అందుకోబోయి ఆగిపోవడం నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ చెప్పేద్దామనుకున్నాను. రెండుసార్లూ మంచినీళ్లు తాగి లేచిపోయాను. మొదటిసారి నాకు పద్నాలుగేళ్లు, రెండోసారి పంతొమ్మిది. పంతొమ్మిదేళ్లంటే చిన్నపిల్లనని చెప్పుకోవడానికి లేదు.

నానమ్మ పోయినప్పుడు అతను బండి మీద ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, పాత ఆటగాళ్లని పిలిచి శాలువాలు కప్పే కార్యక్రమమొకటి జరిగింది. చిన్నాన్న అప్పటికి రిటైరై మోవాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నేనూ వెళ్లాను. మైకు చేతికిస్తే నాలుగు మాటలు మాట్లాడి, ఆఖర్న హిందీలో చెప్పాడు: "మైఁ కిసీ బాక్సర్ సే నహీ హారా, అమ్మా కే దహీ-భాత్ సే హారా." నేను ఏ బాక్సర్ చేతిలోనూ ఓడలేదు, అమ్మ పెరుగన్నం చేతిలో ఓడాను, అని. హాలంతా పగలబడి నవ్వింది. శిక్షణ ఇచ్చే కుర్రాళ్లు ముందు వరసలో ఉన్నారు. కథ వాళ్లకి అక్కడే అంది ఉంటుంది.

నేను నవ్వలేదు. పదకొండు రోజులాగి మోవా వెళ్లాను.

పిన్ని బజారుకి వెళ్లింది. చిన్నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని మునగాకు దూస్తున్నాడు.

"ఏమే లెక్కల పిల్లా, ఇంత ఎండలో! బైఠో, బైఠో. ఈ వయసులో కూడా ఆ సంచీ ఏమిటే, బడిపిల్లలా?"

నోటు పుస్తకం తీశాను. కళ్లజోడు లోపలుంది, నువ్వే చదువు అన్నాడు. ఆరు మంగళవారాలూ చదివాను. వెనక అట్ట మీద పట్టిక చదివాను. సరైన లెక్క చెప్పాను. అతను ఆకు దూస్తూనే విన్నాడు.

"అంటే పార్సిల్ ఆఫీసు తూకం తప్పు కాదన్నమాట."

"తూకం సరైనదే. నేను తప్పు."

"పదకొండేళ్ల గుంటకి లెక్క అప్పజెప్పిన నేను కాదూ గాడిదని? ఛోడ్ దే, వదిలెయ్. ఇన్నేళ్లు దీన్ని మోసుకు తిరిగావా, పిచ్చిదానా?"

ఇంత తేలిగ్గా పోతుందనుకోలేదు. అక్కడితో ఆపేసి వచ్చేయొచ్చు. రెండో సంగతి చెప్పడానికి మొదటిదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

"పల్లెం పెట్టేముందు నానమ్మ నన్ను అడిగింది చిన్నాన్నా."

చేతిలో రెమ్మ ఆగింది. "ఏమని?"

"పెట్టొచ్చా అని. నేను వద్దంటే పెట్టనని కూడా అంది. నేనే పెట్టొచ్చన్నాను."

"అడిగిందా?"

"అడిగింది."

"మా అమ్మ... అడిగి పెట్టిందా?"

"నన్ను నోరెత్తొద్దంది. నన్ను అంటారని."

అతను రోడ్డు వైపు తిరిగాడు. బిలాస్‌పూర్ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పోటీ పోయిందని కాదే," అన్నాడు. "మరుసటి ఏడు మళ్లీ వెళ్లేవాణ్ణి. వయసుంది. నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసిందే, దాన్ని కూడా ముద్దలో కలిపి పెట్టేసిందనుకున్నాను. నా ఆటంటే ఆవిడకి కోతి చేష్ట, నా మాటంటే లెక్కలేదు, అనుకున్నాను. ఇంట్లో ఉన్నదాన్నే నమ్మించుకోలేనివాణ్ణి ఇంకెవరి కోసం కొట్టాలి అని..." ఆగాడు. "ఆ తర్వాత ఎన్నాళ్లు బతికింది?"

"తొమ్మిదేళ్ల నాలుగు నెలల..."

"రోజులొద్దు."

రెమ్మకి ఆకు అయిపోయింది. అయినా దాన్నే పైనుంచి కిందికి దూస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది ఈ తప్పు?"

"ఆ ఏడు వానల్లోనే."

"అంటే అమ్మ ఉండగానే."

"ఊఁ."

తిడతాడని కూర్చున్నాను. తిట్టించుకోవడానికే వెళ్లానేమో. తిట్టలేదు. పిన్ని వచ్చింది, టీ పెట్టింది, టీ తాగి వెళ్లమన్నాడు. తాగాను. ఆటో దాకా కూడా వచ్చాడు. మెల్లగా నడుస్తాడు, గురువు నేర్పిన నడకే, ఎడమ కాలు ఎప్పుడూ కొంచెం ముందు.

తర్వాత మూడేళ్ల రెండు నెలలు బతికాడు. నెలకోసారి వెళ్లేదాన్ని, మొత్తం ముప్పై ఎనిమిదిసార్లు. మొదటి నాలుగైదుసార్లు ఆ మాటే రాలేదు. ఒక ఆదివారం పిన్ని లోపలుండగా కుర్చీ నా వైపు జరిపి, గొంతు తగ్గించి, "ఎలా అడిగింది మా అమ్మ? ఆవిడ అన్నట్టే చెప్పు" అన్నాడు.

చెప్పాను. నానమ్మ మాటలోనే, ఆవిడ ఎక్కడ చుట్ట తీసిందో అక్కడ ఆగి, ఆవిడ గొంతు ఎక్కడ తగ్గిందో అక్కడ తగ్గించి చెప్పాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా అదే అడిగేవాడు. ఒక్క పదం మారినా పట్టుకునేవాడు. పిన్నికి మేమేదో పాత పాట పాడుకుంటున్నామని అనుమానం.

నానమ్మ అడిగిన చోటి దాకా చెప్పించుకుని, చాలు అన్నట్టు చెయ్యెత్తేవాడు. దానికి నేనిచ్చిన జవాబుని మాత్రం ఒక్కసారి కూడా చెప్పమనలేదు.